పాయింట్లున్నవాడిదే టికెట్టా?

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ నిబంధనల్లో ఒక చిన్న షరతు ఉంది. సొంత మైదానంలో ఆడే క్లబ్బు, అవతలి ఊరి నుంచి వచ్చే ప్రత్యర్థి అభిమానుల కోసం కనీసం 3,000 సీట్లు పక్కన పెట్టాలి. స్టేడియం సామర్థ్యం 30,000 కంటే తక్కువైతే మొత్తంలో పదో వంతు పెట్టాలి. ఆ టికెట్లు వచ్చే క్లబ్బు చేతికి వెళ్తాయి. వాటిని తన అభిమానుల్లో ఎవరికి అమ్మాలన్నది ఆ క్లబ్బు తేల్చుకోవాలి. అసలు తగువంతా అక్కడే.

మాంచెస్టర్ యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 74 వేల మంది పడతారు. బోర్న్‌మత్ క్లబ్బు మైదానంలో పట్టేది 11 వేల పైచిలుకు. యునైటెడ్ బోర్న్‌మత్ వెళ్ళి ఆడే రోజున, పదో వంతు లెక్కన ఆ క్లబ్బు అభిమానులకి దక్కేవి పదకొండు వందల చిల్లర సీట్లు. సీజన్ టికెట్ కొనుక్కుని ఏడాది పొడుగునా సొంత మైదానం నింపేవాళ్ళే పదుల వేలమంది. వాళ్ళలో ఈ పదకొండు వందల మంది ఎవరు?

ఫుట్‌బాల్ మన ఆట కాదు, ఈ గొడవ మనకెందుకు అని అనొచ్చు. నేనూ ఫుట్‌బాల్ పిచ్చివాణ్ణేం కాదు. మూడేళ్ళు లీడ్స్‌లో ఉద్యోగం చేశాను, వినక తప్పలేదు, విన్నకొద్దీ ఆసక్తి పుట్టింది. మా ఆఫీసులో ఒకే క్లబ్బుని ప్రాణంగా చూసుకునేవాళ్ళు ఇద్దరుండేవారు. ఒకాయన టెస్టింగ్ టీంలో, యాభై దాటిన మనిషి. బయటి ఊళ్ళలో జరిగే మ్యాచ్ ఒక్కటీ వదలకుండా ఏళ్ళ తరబడి తిరుగుతున్నాడు. ఇంకో కుర్రాడు కింద క్యాంటీన్‌లో పనిచేసేవాడు. జట్టులో ఎవరి మోకాలు ఎప్పుడు నొప్పెట్టిందో కూడా చెప్పేవాడు. ఒక్క బయటి మ్యాచ్‌కి కూడా వాడికి ఎప్పుడూ టికెట్ దొరకలేదు. ఇద్దరూ న్యాయం తమవైపే ఉందనుకునేవారు. విచిత్రం ఏమిటంటే, ఎవరి మాట వింటున్నప్పుడు వాళ్ళదే సబబు అనిపించేది.

బయటి మ్యాచ్ అంటే ఏమిటో చూడనివాళ్ళకి చెప్పాలి. దాన్ని వాళ్ళు అవే మ్యాచ్ అంటారు, ఆ సీట్లుండే మూలని అవే ఎండ్ అంటారు. స్టేడియంలో ఒక కొసన, చుట్టూ కాపలా మనుషులు, రెండు వైపులా ఖాళీ వదిలేసిన వరసలు, మధ్యలో ఈ మూడు వేల మంది. మిగతా యాభై వేల మంది శత్రుపక్షం. వీళ్ళు తొంభై నిమిషాలూ నిలబడే ఉంటారు, పాడుతూనే ఉంటారు. టీవీలో చూస్తుంటే వినబడే పాటల్లో సగం ఈ మూలనుంచి వచ్చేవే. మనకి పోలిక కావాలంటే మొదటి రోజు బెనిఫిట్ షో. ఆ టికెట్లు అభిమాన సంఘం చేతిలో ఉండేవి, సంఘంలో ఎవరికెన్ని అనే దగ్గర స్నేహాలు చెడిపోయేవి. కాకపోతే సినిమా రెండోరోజు కూడా ఆడుతుంది. మ్యాచ్ ఆడదు.

ముందు డబ్బు సంగతి. ధర పెంచేస్తే తగువే ఉండదు, ఎక్కువ ఇచ్చుకోగలవాడు వెళ్తాడు. ఆ దారిలో కొంతదూరం వెళ్ళారు కూడా. 2013 జనవరిలో ఆర్సెనల్ మైదానంలో మ్యాచ్‌కి మాంచెస్టర్ సిటీ అభిమానుల దగ్గర 62 పౌండ్లు అడిగారు. సిటీకి వచ్చిన 3,000 టికెట్లలో 912 అమ్ముడుపోక వెనక్కి వెళ్ళాయి. అప్పటికి సిటీ లీగ్ ఛాంపియన్, జట్టు మీద మోజు తగ్గి కాదు. అభిమానుల సమాఖ్య అవే టికెట్ ఇరవై పౌండ్లు దాటకూడదని ఉద్యమం నడిపింది. చివరికి 2016-17 సీజన్ నుంచి అవే టికెట్‌కి 30 పౌండ్ల గరిష్ట ధర పెట్టారు, దాన్ని పొడిగించుకుంటూ వచ్చారు. యూరప్ పోటీల్లోనూ తర్వాత ఇలాంటి పరిమితులే పెట్టారు.

ఇది మంచి పనే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఎకనామిక్స్ ఒక్క సెమిస్టర్ చదివినవాడైనా తర్వాతి ప్రశ్న వేస్తాడు. వంద పౌండ్లిచ్చి కొనేవాళ్ళున్న వస్తువుని 30కి అమ్మితే, మధ్యలో ఉన్న డెబ్భై పౌండ్లు ఎవరికో కానుకగా వెళ్తున్నట్టే. ఎవరికి? బయట బ్లాకులో అమ్ముకునేవాడికి పోకుండా చట్టం ఉంది: 1994 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండులో అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ తిరిగి అమ్మడం నేరం. సంగీత కచేరీ టికెట్‌కి లేని ఈ కట్టడి ఫుట్‌బాల్‌కి ఎందుకొచ్చిందో తర్వాత చెప్తాను. సరే, డబ్బున్నవాణ్ణీ బ్లాకువాణ్ణీ గుమ్మం దగ్గర ఆపాం. ఇప్పుడు లోపలికి పంపడానికి వేరే లెక్క ఏదో కావాలి. చాలా క్లబ్బులు ఎంచుకున్న లెక్క పేరు లాయల్టీ పాయింట్లు.

పద్ధతి సులభం. వెళ్ళిన ప్రతి మ్యాచ్‌కీ కొన్ని పాయింట్లు. తర్వాతి మ్యాచ్ టికెట్లు ముందు ఎక్కువ పాయింట్లున్నవాళ్ళకి అమ్ముతారు, మిగిలితే ఒక మెట్టు కిందవాళ్ళకి, ఇంకా మిగిలితే ఇంకో మెట్టు. కొన్ని క్లబ్బులు పాయింట్లు అనకుండా కిందటి సీజన్‌లో ఎన్నిటికి వెళ్ళావని అడుగుతాయి. ఇంగ్లండ్ జాతీయ జట్టు వెంట తిరిగేవాళ్ళ సంఘంలో వాటినే క్యాప్‌లు అంటారు, ఆటగాళ్ళకి ఇచ్చినట్టే. పేరేదైనా సారం ఒకటే: ఇంతకుముందు వెళ్ళినవాడే ఇకముందు వెళ్తాడు.

మా టెస్టింగాయన దీన్ని సమర్థించిన తీరు నాకు గుర్తుంది. జట్టు కింది డివిజన్‌లో కొట్టుకుంటున్న రోజుల్లో, వానలో, రెండొందల మంది కూడా రాని మంగళవారం రాత్రుళ్ళు తను వెళ్ళాడు. అప్పుడు ఈ టికెట్ కోసం ఎవడూ అడగలేదు. ఇప్పుడు జట్టు గెలుస్తోంది, అందరికీ కావాలి. అప్పుడు రానివాడూ నేనూ ఒకే వరసలో నిలబడాలా? ఈ వాదన బలమైంది. కొట్టిపారేసేవాళ్ళు నాకు ఓ పట్టాన అర్థం కారు.

కానీ పాయింట్లు దేన్ని కొలుస్తున్నాయో కాస్త నిదానంగా చూడాలి. అవి కొలుస్తున్నది హాజరుని. హాజరు ఒక లబ్ధం. విధేయతని, డబ్బునీ, తీరికనీ గుణిస్తే వచ్చే లబ్ధం. న్యూకాజిల్ నుంచి బోర్న్‌మత్ వెళ్ళాలంటే సుమారు 350 మైళ్ళు, రానూ పోనూ 700. టికెట్ 30 పౌండ్లే, కానీ ప్రయాణం అలా కాదు. టీవీవాళ్ళు శనివారం మ్యాచ్‌ని సోమవారం రాత్రి ఎనిమిదికి జరిపేస్తే, అది అయ్యాక ఇంటికి చేర్చే రైలుండదు, మర్నాడు సెలవు పెట్టుకోవాలి. నెల జీతగాడు సెలవు పెట్టుకోగలడు. షిఫ్టులకి పనిచేసే క్యాంటీన్ కుర్రాడు పెట్టుకోలేడు. పసిపిల్ల తల్లి వెళ్ళలేదు. మంచంపట్టిన తండ్రిని చూసుకునేవాడు వెళ్ళలేడు. గుణకారంలో ఒకటి సున్నా అయితే జవాబు సున్నా, మిగతావి ఎంత పెద్దవైనా. పాయింట్ల పట్టికలో మాత్రం ఆ సున్నా పక్కన 'విధేయత' అని రాసుంటుంది.

మన తిన్నడి కథ ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో ఉంది, చిన్నప్పుడు అందరం విన్నదే. రోజూ వేళ తప్పకుండా శాస్త్రప్రకారం పూజ చేసే అర్చకుడు ఒకవైపు. ఎంగిలి మాంసం పెట్టి, శివుడి కంట నెత్తురు కారుతుంటే తన కన్ను పెరికి ఇచ్చిన బోయవాడు ఇంకోవైపు. పాయింట్లు లెక్కేస్తే అర్చకుడికే దర్శనం. కథ చెప్పినవాళ్ళు అర్చకుణ్ణి చెడ్డవాడిగా చూపలేదన్నది గమనించాలి. అతని నిష్ఠ నిజమైనదే. అదొక్కటే కొలతగా పెట్టుకుంటే తిన్నడు కనిపించడు, అంతే. ఇక క్లబ్బు దగ్గర శివుడు లేడు, లోపల ఏముందో చూసి చెప్పడానికి. కొలవగలిగినదాన్నే కొలుస్తుంది. ఆ మేరకి క్లబ్బుని తప్పుపట్టలేం.

దర్శనం మాట ఎలాగూ వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. సీట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ అయినప్పుడు పంచడానికి ఎన్ని పద్ధతులున్నాయో తెలుసుకోవాలంటే తిరుమల చాలు. క్యూలో ఓపిగ్గా కూర్చున్నవాడికి సర్వదర్శనం. 300 రూపాయలు పెట్టి ముందుగా కొన్నవాడికి ప్రత్యేక ప్రవేశం. శ్రీవాణి ట్రస్టుకి 10,000 ఇచ్చినవాడికి బ్రేక్ దర్శనం. కొన్ని ఆర్జిత సేవలకి ఆన్‌లైన్ లక్కీడిప్. సిఫార్సు ఉత్తరాల సంగతి సరేసరి. కాలినడకన మెట్లెక్కి వచ్చేవాళ్ళకి వేరే టోకెన్లు ఇవ్వడం కూడా చూశాం. సమయం, డబ్బు, అదృష్టం, పలుకుబడి, శ్రమ. ఇన్ని ఒకేచోట నడుస్తున్నా పెద్దగా తిరుగుబాటు రాకపోవడానికి కారణం, ఏదో ఒక దారి ఎవడికైనా తెరిచి ఉండటమేనని నా ఊహ. ఎంత బీదవాడైనా క్యూలో కూర్చుంటే ఇవాళ కాకపోతే రేపు దేవుణ్ణి చూస్తాడు. పాయింట్ల క్లబ్బులో ఆ 'రేపు' లేదు. పై మెట్టు వాళ్ళతోనే సీట్లు నిండిపోతే, కింది మెట్టువాడికి మొదటి పాయింటు వచ్చే మార్గమే లేదు. పాయింటు రావాలంటే వెళ్ళాలి, వెళ్ళాలంటే పాయింటు కావాలి.

మరి లాటరీ? బ్రిటిష్ తత్వవేత్త జాన్ బ్రూమ్ 1990లో న్యాయబద్ధత మీద ఒక వ్యాసం రాశాడు. ఆయన మాటల సారాంశం ఇది. ఒక వస్తువు మీద మనకి కొన్నిసార్లు హక్కులాంటిది ఉంటుంది. పంపకం సబబుగా ఉండటమంటే ఎవరి హక్కు ఎంత బలమైందో ఆ పాళ్ళలో అది తీరడం. వస్తువుని ముక్కలు చెయ్యలేనప్పుడు, హక్కులు సమానమైనప్పుడు, అందరికీ వస్తువు ఇవ్వలేం గానీ అందరికీ సమానమైన అవకాశం ఇవ్వగలం. లాటరీ చేసే పని అదే. ఓడిపోయినవాడికి కూడా ఏదో దక్కింది: వాణ్ణి లెక్కలోకి తీసుకున్నారు.

నాకు బ్రూమ్ వాదన నచ్చుతుంది. అయితే ఇక్కడ హక్కులు సమానమా అన్నదే కదా అసలు తగువు. అమర్త్యసేన్ 2009లో వచ్చిన 'ది ఐడియా ఆఫ్ జస్టిస్'లో ఒక వేణువునీ ముగ్గురు పిల్లల్నీ పెట్టి ఈ ఇబ్బందిని చూపిస్తాడు. ఒకరికి వాయించడం వచ్చు, ఒకరికి ఆడుకోవడానికి ఇంకేమీ లేదు, ఒకరు ఆ వేణువుని తయారు చేశారు. ఎవరికివ్వాలి? ముగ్గురి కారణాలూ నిజమైనవే, ఒకదాన్ని ఇంకోదాంతో తూచే తక్కెడ లేదు అంటాడు సేన్. అవే టికెట్‌కి కూడా అలాంటి ముగ్గురున్నారు: గొంతెత్తి పాడగలవాడు, ఇప్పటిదాకా ఒక్కసారీ వెళ్ళనివాడు, ఇన్నేళ్ళూ వెళ్ళి ఆ మూలని నిలబెట్టినవాడు.

ఈ పోలిక ఒకచోట తెగిపోతుంది, నాకు ఆ తెగిన చోటే ముఖ్యం అనిపించింది. వేణువు ముందే ఉంది. ఎవరికిచ్చినా అది అదే వేణువు. అవే టికెట్ అలా కాదు. 30 పౌండ్లకి మనిషి కొంటున్నది ప్లాస్టిక్ కుర్చీని కాదు, చుట్టూ ఉన్న 2,999 మంది చేసే గోలని. అందులో తనూ ఒక వంతు చెయ్యాలి. అంటే ఎవరికి పంచామన్నదాన్ని బట్టి పంచే వస్తువే మారిపోతుంది. ఒకరికొకరు తెలియని మూడు వేలమందిని లాటరీలో ఎత్తి అక్కడ పెడితే పాట ఎవరెత్తుకోవాలో తెలియదు. ఎప్పుడు మౌనంగా ఉండాలో, ఏ పాత ఆటగాడి పేరు ఏ సందర్భంలో తలుచుకోవాలో తెలియదు. సగం మంది ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుంటూ ఉంటారు. భజన బృందంలో అందరూ కొత్తవాళ్ళే అయితే ఎలా ఉంటుందో అలా. కాబట్టి టెస్టింగాయన సీటుని అతని గతానికి బహుమతిగా చూడనక్కర్లేదు. అతను అక్కడ ఉండటం వల్ల మిగతావాళ్ళ టికెట్ విలువ పెరుగుతోంది. ఇది పాయింట్లకి అనుకూలంగా నాకు తోచిన అన్నిటికన్నా గట్టి వాదన, కానీ పాయింట్లని సమర్థించేవాళ్ళు దీన్ని వాడగా పెద్దగా వినలేదు. వాళ్ళెప్పుడూ 'నేను సంపాదించుకున్నాను' దగ్గరే ఆగిపోతారు.

ఈ వాదనకి రెండోవైపు కూడా ఉంది. భజన బృందంలో అందరూ పాతవాళ్ళే అయితే పాట ఎన్నాళ్ళుంటుంది? పాత పట్టికే నడుస్తూ పోతే ఆ మూల ఏటేటా ఒక ఏడు ముసలిదవుతుంది. పాట నేర్చుకోవాల్సినవాడు ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. అందుచేత కుర్రాడికి చోటు ఇవ్వడం జాలితోనో సమానత్వం కోసమో మాత్రమే కాదు, ఆ వస్తువు రేపటికి మిగలడానికి కూడా.

మా వృత్తిలో ఈ సమస్యకి ఎప్పుడో పేరు పెట్టారు. ఇంజనీరింగ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి గాల్విన్ పుస్తకం గుర్తుండే ఉంటుంది. ప్రాధాన్యం ఎక్కువున్న పనులే ముందు చేస్తూ పోతే, తక్కువున్న పనికి ఎప్పటికీ వంతు రాదు. దీన్ని స్టార్వేషన్ అంటారు. 1973లో ఎంఐటీలో ఐబీఎం 7094 కంప్యూటర్ని ఆపేసినప్పుడు, 1967లో ఇచ్చిన ఒక పని ఇంకా వంతు రాకుండా క్యూలోనే ఉందని ఒక పుకారుని ఆ పుస్తకం చెప్తుంది. పుకారేగానీ మా క్లాసులో అది మర్చిపోయినవాడు లేడు. దానికి మందు ఏజింగ్: ఎదురుచూస్తున్నకొద్దీ ప్రాధాన్యం కొంచెం కొంచెం పెరుగుతూ పోవాలి. క్యాష్‌లలో ఇదే సమస్య తలకిందులుగా వస్తుంది. ఎక్కువసార్లు వాడిన వస్తువునే ఉంచుకోవాలని నియమం పెడితే, ఒకప్పుడు బాగా వాడి ఇప్పుడెవరూ అడగనివి పాత లెక్క బలంతో తిష్ఠ వేసుకుని కూర్చుంటాయి. అందుకని అప్పుడప్పుడూ లెక్కలన్నిటినీ సగానికి తగ్గిస్తారు. ఉన్నవాడు ఉన్నవాడే, కానీ నిలబెట్టుకోవాలంటే మళ్ళీ రావాలి.

టికెట్లకి ఈ రెండూ పనికొస్తాయని నా నమ్మకం. మొదటిది: అడిగి దొరకనివాడికి కూడా ఏదో ఒకటి రాసిపెట్టాలి. ఇప్పుడు వెళ్ళినవాడికే పాయింటు. వెళ్ళాలని ప్రతిసారీ దరఖాస్తు పెట్టి ఖాళీ చేతులతో మిగిలినవాడి ఓపిక కూడా విధేయతే, దాన్ని నమోదు చెయ్యడానికి డేటాబేస్‌లో ఒక్క కాలమ్ చాలు. రెండోది: సీట్లలో ఎక్కువ భాగం పాయింట్లకి ఉంచి, మిగిలిన భాగానికి లాటరీ వెయ్యాలి, ఆ లాటరీలో ఎన్నిసార్లు ఓడితే అన్ని చీటీలు. కొన్ని క్లబ్బులు ఏదో ఒక రూపంలో లాటరీ వాడుతూనే ఉన్నాయి, ఇదేం విప్లవం కాదు. ముందొచ్చినవాడికి ముందు అనే ఆన్‌లైన్ అమ్మకంకన్నా ఇది నిజాయితీ అయినది. ఆ వెయిటింగ్ రూములు రాసేవాళ్ళకి తెలుసు, చాలా వాటిలో అమ్మకం మొదలయ్యే క్షణానికి లోపలున్న అందరికీ యాదృచ్ఛికంగా నంబర్లు ఇస్తారు. అదీ లాటరీయే. కాకపోతే పొద్దున్నే లేచి నాలుగు బ్రౌజర్లు తెరిచి కూర్చున్నవాడికి తన కష్టం ఫలించిందనే భ్రమ ఇస్తుంది.

పాత లెక్కల్ని తగ్గించడం దగ్గర మాత్రం నేను జంకుతాను. క్యాన్సర్ చికిత్సలో ఒక సీజనంతా మంచంమీద ఉన్నవాడి పాయింట్లు సగం చేసేస్తామా? బిడ్డ పుట్టాక రెండేళ్ళు ఆగి తిరిగొచ్చిన తల్లి పాయింట్లు? కోవిడ్ కాలంలో, 2020-21లో చాలా మ్యాచ్‌లు ఖాళీ స్టేడియాల్లో జరిగినప్పుడు వెళ్ళలేకపోవడం ఎవరి తప్పూ కాదని అందరూ ఒప్పుకున్నారు. ఒక్కడికి వచ్చే కష్టం విషయంలో అలా ఒప్పుకోవడం ఎందుకో కష్టమవుతుంది, సాక్ష్యాలు అడుగుతాం. మెడికల్ సర్టిఫికెట్ తెచ్చి విధేయత నిరూపించుకోమంటే అది ఇంకో అవమానం. క్యాష్‌లో వస్తువుకి బాధ ఉండదు. అక్కడ సగం చెయ్యడం తేలిక.

అవమానం అంటే ఇంకో సంగతి ఉంది. పాయింట్లు పెట్టగానే పాయింట్ల కోసమే టికెట్ కొనేవాళ్ళు తయారయ్యారు. మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వెయ్యడంలాంటిది. తను వెళ్ళడు, టికెట్ కొని ఎవరికో ఇస్తాడు, పాయింటు తన ఖాతాలో పడుతుంది, రేపు ఫైనల్ వస్తే ముందు వరసలో ఉంటాడు. ఇది ఆపడానికి క్లబ్బులు తనిఖీలు మొదలెట్టాయి: కొన్న మనిషే గుర్తింపు కార్డుతో స్టేడియం దగ్గరకొచ్చి టికెట్ తీసుకోవాలి, వేరేవాళ్ళు దొరికితే పాయింట్లు పోతాయి, ఒక్కోసారి సభ్యత్వమే పోతుంది. న్యాయమే. కానీ ఆ వలలో ఎవరు పడ్డారు? ఒంట్లో బాగోక ఆ వారం వెళ్ళలేక పక్కింటి కుర్రాడికి టికెట్ ఇచ్చిన ముసలాయన కూడా. క్యాంటీన్ కుర్రాడిలాంటివాళ్ళకి ఆ మూలలోకి ఇన్నాళ్ళూ ఉన్న ఒకే ఒక్క దొడ్డిదారి ఇదే: ఒక పెద్దాయన దయ. నియమాన్ని కచ్చితంగా అమలు చేస్తే మోసంతోపాటు ఆ దయ కూడా పోతుంది. ఎలాంటి మోసమూ లేకుండా, కొన్న ధరకే, క్లబ్బు ద్వారానే ఒక మ్యాచ్‌ని ఇంకొకరికి బదిలీ చేసే వీలుండాలి, పాయింటు వెళ్ళినవాడికే పడాలి. సాఫ్ట్‌వేర్‌గా చూస్తే పెద్ద పనేం కాదు. కర్చీఫ్ వేసినవాడికి లాభం లేకుండా పోతుంది, ముసలాయన పరోపకారం మిగులుతుంది.

ఇంతవరకూ క్లబ్బు లోపలి పంపకం గురించే మాట్లాడాను. దానికి పైనొక పంపకం ఉంది: క్లబ్బుకీ క్లబ్బుకీ మధ్య. 3,000 అనే సంఖ్య అందరికీ ఒకటే. అభిమానులు లక్షల్లో ఉన్న క్లబ్బుకీ 3,000, వేలల్లో ఉన్న క్లబ్బుకీ 3,000. అంటే చిన్న క్లబ్బు అభిమానికి అవే టికెట్ దొరికే అవకాశం పెద్ద క్లబ్బు అభిమానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. క్లబ్బుల మధ్య సమానత్వం, మనుషుల మధ్య అసమానత్వం. జనాభాని బట్టి లోక్‌సభ సీట్లు పంచితే దక్షిణాది ఏమంటుందో విన్నవాళ్ళకి ఈ తికమక కొత్త కాదు. ఇక ఏ కోటా లేకుండా బజారులో వదిలేస్తే ఏమవుతుందో మనవాళ్ళకీ అనుభవమే. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్, హైదరాబాద్‌కీ కేరళ బ్లాస్టర్స్‌కీ. గ్యాలరీల్లో ఎటుచూసినా కేరళవాళ్ళే. పసుపు చొక్కా మైదానంలో మనవాళ్ళది, గ్యాలరీల్లో వాళ్ళది. పెనాల్టీల్లో హైదరాబాద్ గెలిచింది గానీ, పేరుకి తటస్థ వేదికైన ఆ స్టేడియం వినడానికి కొచ్చిన్‌లాగే ఉంది. అక్కడ అన్యాయం జరిగిందని నేననను, కేరళవాళ్ళు కష్టపడి వచ్చారు. కనీస కోటా అన్నది దేనికుందో అప్పుడు తెలుస్తుంది.

ఈ పై పంపకం ఎంత యాంత్రికంగా జరగగలదో చెప్పడానికి 1989 ఏప్రిల్ 15 గుర్తుచేసుకోక తప్పదు. షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో ఎఫ్ఏ కప్ సెమీఫైనల్, లివర్‌పూల్‌కీ నాటింగామ్ ఫారెస్ట్‌కీ. రెండు ఊళ్ళకీ అది బయటి మైదానమే. లివర్‌పూల్‌కి జనం ఎక్కువ, కానీ వాళ్ళకి దక్కినవి 24 వేల పైచిలుకు టికెట్లు, ఫారెస్ట్‌కి దాదాపు 30 వేలు. కారణం, ఎవరు ఏ దిక్కునుంచి ఊళ్ళోకి వస్తారో చూసి పోలీసులు ఎవరికి ఏ కొస ఇవ్వాలో నిర్ణయించారు. రెండు గుంపులు దారిలో ఎదురుపడకుండా ఉండాలి. లివర్‌పూల్‌కి వచ్చింది లెపింగ్స్ లేన్ వైపు. ఆ రోజు అక్కడి తొక్కిడి 97 మంది ప్రాణాలు తీసింది. టికెట్ల పంపకమే దానికి కారణమని అనడం లేదు. పోలీసుల నియంత్రణ విఫలం కావడమే ప్రధాన కారణమని టేలర్ విచారణ తేల్చింది. అభిమానుల మీద వేసిన నిందలు అబద్ధమని రుజువు కావడానికి దశాబ్దాలు పట్టింది. నేను చూస్తున్నది చిన్న విషయం: ఎవరికి ఎన్ని అనే ప్రశ్నకి జవాబు వచ్చిన తీరు. అందులో మనుషుల హక్కులు లేవు, వాహనాల రాకపోకల్లాగా గుంపుల రాకపోకలు మాత్రమే ఉన్నాయి. బ్లాకు టికెట్లని నేరం చెయ్యమని సిఫార్సు చేసింది కూడా టేలర్ నివేదికే. 1994 చట్టం దాని ఫలితం. కచేరీకి లేని కట్టడి ఫుట్‌బాల్‌కి అందుకే వచ్చింది. టికెట్ ఎవరి చేతిలో ఉందన్నది అక్కడ ధరల సమస్య కాదు, ఏ గుంపు మధ్య ఎవరు నిలబడతారన్న భద్రత సమస్య.

పెద్ద ఫైనళ్ళలో ఈ యాంత్రికత ఇంకో రూపంలో కనబడుతుంది. 2019లో బాకూలో యూరోపా లీగ్ ఫైనల్‌కి, అరవై వేలకి పైగా పట్టే స్టేడియంలో, ఆర్సెనల్‌కీ చెల్సీకీ తలా 6,000 ఇచ్చారు. లండన్ క్లబ్బులు రెండూ. ఆట చూడటానికి ఖండం ఆ చివరికి వెళ్ళాలి. అంత దూరం, అంత ఖర్చు కావడంతో ఆ 6,000 కూడా పూర్తిగా అమ్ముడుపోలేదు. ప్రపంచకప్‌లో ఆడే రెండు దేశాల అభిమానులకి ఒక్కోదానికి స్టేడియంలో 8 శాతం. మిగతాది బహిరంగ అమ్మకానికీ, స్పాన్సర్లకీ, అతిథులకీ, ఫుట్‌బాల్ కుటుంబం అని ముద్దుగా పిలుచుకునేవాళ్ళకీ.

ఈ మాట మామూలు లీగ్ మ్యాచ్‌కి కూడా వర్తిస్తుంది. క్లబ్బుకి వచ్చిన 3,000 టికెట్లూ పాయింట్ల పట్టిక దాకా రావు. ఆటగాళ్ళ బంధువులకి కొన్ని, సిబ్బందికి కొన్ని, స్పాన్సర్లకీ ఖరీదైన ప్యాకేజీలు కొన్నవాళ్ళకీ కొన్ని ముందే తీసిపెట్టడం క్లబ్బుల్లో ఉన్న అలవాటే. ఎన్ని అన్నది ప్రతి క్లబ్బూ బయటపెట్టదు. పాయింట్లా లాటరీయా అని అభిమానులు ఒకరినొకరు తిట్టుకుంటున్నప్పుడు నాకు ఎప్పుడూ మొదట అడగాలనిపించేది ఇదే: ఈ మ్యాచ్‌కి మీ క్లబ్బుకి వచ్చినవెన్ని, మీలో ఎవరైనా కొనుక్కోగలిగేలా అమ్మకానికి పెట్టినవెన్ని? మ్యాచ్‌మ్యాచ్‌కీ ఈ రెండు సంఖ్యలూ పక్కపక్కన వెబ్‌సైట్‌లో పెట్టడానికి ఏ తత్వశాస్త్రమూ అక్కర్లేదు, ఒక మధ్యాహ్నం పని. టెస్టింగాయనా క్యాంటీన్ కుర్రాడూ ఒప్పుకున్న ఒకే ఒక్క విషయం కూడా బహుశా అదే.